గంటలు రాసుకునే పుస్తకం

మా అమ్మను ఎవరైనా "ఈ లేసు ఎప్పుడు కుడతావు వదినా?" అని అడిగితే ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది. "ఏముంది, ఖాళీగా ఉన్నప్పుడే" అని. నేను పుట్టింది నర్సాపురం పక్కన ఒక పల్లెలో. అక్కడ మధ్యాహ్నం పూట ఏ అరుగు మీద చూసినా ఒకావిడ ఒళ్లో దారం ఉండ పెట్టుకుని కూర్చుని ఉంటుంది, నోరు పక్కావిడతో మాట్లాడుతుంటుంది, వేళ్లు మాత్రం వాటి పని అవి చేసుకుపోతుంటాయి. అమ్మ పొద్దున్న 5 గంటలకు లేచి, గేదె పని, వంట పని, నాన్న పొలానికి క్యారేజీ, మా బడి, అంట్లు అన్నీ అయ్యాక ఒంటి గంటకు సూది పట్టుకుంటే 5 దాకా దించేది కాదు. మళ్లీ రాత్రి భోజనాలయ్యాక లైటు కింద ఇంకో రెండు గంటలు. అంటే రోజుకు 6 గంటలు. దాన్ని ఖాళీ అంటుందేమిటి అని నాకు చిన్నప్పుడు ఒక్కసారి కూడా అనిపించలేదు. ఆ 6 గంటలు కలిపి చూసుకోవడానికి నాకు 36 ఏళ్లు వచ్చాయి.

ఈ లేసు మా వైపుకు 19వ శతాబ్దం మధ్యలో, స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెక్‌రే అనే మిషనరీ దంపతుల ద్వారా వచ్చిందని చెబుతారు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది, ఆ రోజు పేపర్లో చూసి అమ్మకు ఫోన్ చేస్తే చాలా సంతోషపడింది. కానీ అమ్మ పని చేసిన రోజుల్లో సంగతి వేరు. ఏజెంటు దారం తూకం వేసి ఇచ్చేవాడు, అయ్యాక మళ్లీ తూకం వేసుకుని తీసుకునేవాడు, ఇచ్చిన దారానికీ వచ్చిన లేసుకీ రెండు గ్రాములు తేడా వస్తే మాట పడాలి. విడివిడిగా పువ్వులు అల్లడం చేతిపని, వాటన్నిటినీ కలిపి ఒక గుడ్డగా చేయడం అతుకుపని. అమ్మది చేతిపని. తను అల్లిన పువ్వు చివరికి టేబుల్ క్లాత్ అయిందో దుప్పటి అయిందో, ఏ దేశం వెళ్లిందో అమ్మకు ఎప్పుడూ తెలియలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఇదే. డబ్బు తక్కువ ఇచ్చారన్నది ఒకటి, పూర్తయిన వస్తువు ఒక్కసారైనా ఆమె కంటికి చూపించలేదన్నది ఇంకొకటి.

నేను ఉండేది ఇప్పుడు భీమవరం దగ్గర. మా ఆయన రొయ్యల చెరువులు చూస్తారు, సొంతవి కాదు, కౌలుకు తీసుకున్నవి. మా అత్తయ్య మాతోనే ఉంటారు. పెద్దది ఎనిమిదో తరగతి, చిన్నోడు రెండు. 2019లో మా తమ్ముడికి పాప పుట్టినప్పుడు టోపీ, బూట్లు అల్లి ఇచ్చాను. బజారులో దొరికే ఉన్ని మన ఎండలకు పనికిరాదు, పసిపిల్లకు చెమటకాయలు వస్తాయి, అందుకని చీరాల నుంచి చిలపల నూలు, అంటే ఉండ చుట్టని నూలు కట్టలు, తెప్పించి దానిమ్మ తొక్కల నీళ్లలో మరిగించి లేత పసుపు రంగు తెప్పించాను. ఆ రంగుల పని నాకు కొంచెం తెలుసు. పెడనలో మా పిన్ని ఇంటికి వేసవి సెలవులకు వెళ్లినప్పుడు కలంకారీ చేసేవాళ్ల వాకిట్లో కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డలు ఆరేయడం, తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టి నల్ల రంగు చేయడం చూస్తూ పెరిగాను. ఆ టోపీ ఫొటో చూసి తమ్ముడి ఆఫీసులో ఇద్దరు అడిగారు, తర్వాత నలుగురు. అలా మొదలైంది.

ఇప్పుడు నేను రెండు పనులు చేస్తాను. నూలుకు రంగు వేసి ఉండలుగా చుట్టి, అల్లుకునేవాళ్లకు అమ్ముతాను. అదే నూలుతో పిల్లల సెట్లు, సంచులు, టేబుల్ మీద పరిచేవి అల్లించి అమ్ముతాను. వినడానికి చిన్నదే. కానీ కిలో నూలుకు రంగు వేయాలంటే ఎంత పని ఉంటుందో చెప్తాను, ఎందుకంటే "ఇంత రేటా?" అని అడిగేవాళ్లలో చాలామందికి ఇది తెలియదు, తెలిస్తే అడగరు కూడా.

మిల్లు నుంచి వచ్చిన పచ్చి నూలుకు మైనం లాంటి జిడ్డు ఉంటుంది. అది పోకపోతే నీళ్లలో వేసినా తేలుతూ ఉంటుంది తప్ప తడవదు. చాకలి సోడా వేసి గంటన్నర ఉడకబెడితే నీళ్లు పలచటి టీ రంగులోకి వస్తాయి. ఆ నీళ్లు పారబోసి, శుభ్రంగా జాడించి, కరక్కాయ పొడి నీళ్లలో ఒక రాత్రి నానబెట్టాలి. పొద్దున్న పిండి ఆరేయాలి, తర్వాత పటిక నీళ్లలో ఇంకో రాత్రి. ఇవన్నీ అయ్యాకే రంగు. నూలుకు తనంతట తానుగా రంగు పట్టుకునే గుణం లేదు, ఈ కరక్కాయా పటికా పట్టు ఇస్తేనే నిలుస్తుంది. బంతిపూలు, దానిమ్మ తొక్కలు అయితే మరిగించినా పర్వాలేదు. ఎర్ర రంగు ఇచ్చే మంజిష్ఠ వేరు అయితే మాత్రం పక్కనే కూర్చుని మంట తగ్గిస్తూ ఉండాలి, నీళ్లు కుతకుతలాడాయంటే ఎరుపు పోయి ఇటుక రంగు వచ్చేస్తుంది. చివరకు నీడలో ఆరబెట్టి, చిలప విప్పి ఉండ చుట్టేసరికి మొత్తం నాలుగైదు రోజులు. ఈ గిన్నెల్లో మళ్లీ వంట చేయకూడదు, అందుకే పెరట్లో విడిగా పొయ్యి పెట్టుకున్నాను, వాటికి ఎర్ర రిబ్బను కట్టి ఉంటుంది, చిన్నోడు కూడా వాటి జోలికి పోడు.

ఈ నాలుగైదు రోజుల్లో ఇల్లు ఆగదు కదా. మా ఆయనది కూడా టైమ్ అంటూ లేని పని. రాత్రి కరెంటు పోతే చెరువులో నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు ఆగిపోతాయి, వెంటనే జనరేటర్ వేయకపోతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. అందుకని రెండింటికి ఫోన్ మోగినా లేచి బండి తీస్తారు. ఆయన వెళ్లాక నాకు నిద్ర పట్టదు, లేచి కూర్చుని అల్లుకుంటాను. రొయ్యకు ధర ఉన్న ఏడాది మా ఇంట్లో నా పని గురించి ఎవరూ మాట్లాడరు. రొయ్యలకు జబ్బు వచ్చి దిగుబడి సరిగ్గా రాని ఏడాది పిల్లల ఫీజులు దీంతోనే కట్టాం. రెండేళ్ల కిందట అలాంటి ఏడాదే వచ్చింది. ఆ జూన్‌లో స్కూల్ ఫీజు రసీదు తెచ్చి మా ఆయన బల్ల మీద పెట్టి, "ఇది నీ సంచుల డబ్బు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన మంచిగానే అన్నారు, నాకు మాత్రం మా నాన్న ఒక్కసారైనా మా అమ్మతో ఆ మాట అని ఉంటే బాగుండేది అనిపించింది.

పిల్లల సంగతి రాయాలంటే నా తప్పు కూడా రాయాలి. అల్లేవాళ్లకు తెలుసు, రౌండు, అంటే పువ్వు చుట్టూ అల్లే ఒక వరస, మధ్యలో ఉన్నప్పుడు లెక్క తప్పితే మొత్తం విప్పాలి. 96 కుట్లు వేయాల్సిన చోట 95 వేస్తే పువ్వు వంకర పోతుంది. అందుకని పిల్లలు వచ్చి ఏదైనా అంటే చెయ్యి ఎత్తి "ఆగు, లెక్కలో ఉన్నా" అనేదాన్ని. రోజుకు ఎన్నిసార్లు అనేదాన్నో నాకే తెలియదు. ఒక ఏడాది దీపావళి ఆర్డర్లప్పుడు మా పెద్దది బడి నుంచి వచ్చి ఏదో చెప్పబోయింది, నేను చెయ్యి ఎత్తాను, అది లోపలికి వెళ్లిపోయింది. రౌండు పూర్తి చేసి, సూది పక్కన పెట్టి, "ఏంటమ్మా?" అని పిలిస్తే "ఏం లేదు" అంది. రాత్రి వాళ్ల నానమ్మతో చెప్పిందట, లెక్కల్లో మార్కులు తక్కువొచ్చాయని, టీచర్ అందరి ముందూ నిలబెట్టారని. "అమ్మకు చెప్పలేకపోయావా?" అని అత్తయ్య అడిగితే, "అమ్మ ఎప్పుడూ లెక్కలోనే ఉంటుంది నానమ్మా" అందట.

ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మానేయలేను, మానేయాలని కూడా లేదు. మర్నాడు ఒక పని చేశాను. ప్రతి 12 కుట్లకు ఒక రంగు దారం ముక్క దూర్చడం మొదలుపెట్టాను. అలా చేస్తే ఎక్కడ ఆపినా ఆ ముక్క నుంచి మళ్లీ 12 దాకా లెక్కపెట్టుకుంటే చాలు, మొదటి నుంచీ అక్కర్లేదు. పని కొంచెం నెమ్మదిస్తుంది, రౌండుకు రెండు నిమిషాలు ఎక్కువ. కానీ ఇప్పుడు ఎవరు పిలిచినా తలెత్తి చూస్తాను. ఇది అల్లిక నేర్చుకునేవాళ్లు మొదటి రోజే చేసే పని, ఇన్నేళ్లు చేయి తిరిగిన తర్వాత నాకు అక్కర్లేదు అనుకున్నాను. ఇంట్లో పిల్లలున్న ప్రతి ఒక్కరికీ అక్కరుంటుంది.

అప్పుడే ఇంకొకటి కూడా మొదలైంది. చిన్నోడి పాత నోట్‌బుక్‌లో మిగిలిన పేజీలు తీసుకుని, సూది పట్టుకున్న టైమూ దించిన టైమూ రాయడం మొదలుపెట్టాను. అసలు రోజుకు ఎంతసేపు చేస్తున్నానో తెలిస్తే ఇంటికి ఎంత టైమ్ ఇవ్వాలో తెలుస్తుందని. నెల తిరిగాక కూడితే 171 గంటలు వచ్చాయి, అందులో రంగుల పని లేదు, పార్సిళ్లు కట్టడం లేదు, "రంగు ఇంకొంచెం లేతగా ఉంటుందా అక్కా" అని అడిగేవాళ్లకు రాత్రి పదింటికి మెసేజ్‌లు పెట్టడం లేదు. నేను కూడా అప్పటిదాకా అందరితో ఖాళీగా ఉన్నప్పుడు చేస్తాను అనే చెప్పేదాన్ని, అమ్మ మాటే.

తర్వాత ఒక్కో వస్తువుకు లెక్క వేశాను. పిల్లల టోపీ, బూట్ల సెట్‌కు 80 గ్రాముల నూలు, రంగుతో కలిపి 70 రూపాయలు. డబ్బా, కొరియర్ 80. అల్లడానికి, దారం చివర్లు దాచడానికి, ఆవిరి పట్టడానికి 8 గంటలు. అమ్మేది 450కి. మిగిలేది 300. ఉపాధి హామీ పనికి వెళ్తే రోజుకూలి 300 పైనే ఉంది. ఇన్ని రోజులు నేర్చుకున్న చేతిపనికి, నేను నేర్చుకోవడానికి ముందు మా అమ్మ, మా అమ్మమ్మ నేర్చుకున్న పనికి, మట్టి తవ్వేదానికంటే తక్కువ వస్తోంది. మట్టి పని తక్కువని నేను అనడం లేదు. మా వాళ్లు ఆ పనికీ వెళ్లారు, అదీ ఎండలో కష్టపడేదే. రెంటికీ కనీసం సమానంగా రావాలి కదా అంటున్నాను.

రేటు 750 చేశాను. మా తమ్ముడు వద్దన్నాడు, ఉన్న గిరాకీ పోతుందన్నాడు. నిజంగానే రెండు నెలలు ఆర్డర్లు సగానికి పడిపోయాయి, ఆ రెండు నెలలు చాలా టెన్షన్ పడ్డాను. మా ఆయన ఏమీ అనలేదు. అత్తయ్య మాత్రం ఒకరోజు కూరగాయలు తరుగుతూ, "దించకు అమ్మాయ్. ఒకసారి దించితే మళ్లీ ఎక్కదు" అన్నారు. ఆవిడ పాలు అమ్మి నలుగురు పిల్లల్ని పెంచారు, ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమైంది. దించలేదు. ఇప్పుడు ఆర్డర్లు మొదటి అంత లేవు కానీ వచ్చేవాళ్లు బేరం ఆడటం లేదు, రెండోసారి వస్తున్నారు.

మా ఊళ్లో ఐదుగురు నాకోసం అల్లుతారు. వాళ్లకు కూడా గంటకు 50 లెక్కన ఇవ్వాలనుకున్నాను, ఆ సెట్‌కు 400. దీన్ని వాళ్లే ఒప్పుకోలేదు! "నువ్వు గంటలు రాయమంటే మాకు భయం, మధ్యలో లేచి అన్నం వార్చుకుంటాం, పిల్లోడికి స్నానం చేయిస్తాం, అవన్నీ ఎవరు తీసేస్తారు?" అంది ఒక పిన్ని. అది సరైన మాటే. అందుకని ప్రతి కొత్త వస్తువూ మొదట నేనే అల్లి గంటలు చూసి, దానికో రేటు కడతాను, వాళ్లు మూడు రోజుల్లో అల్లినా పది రోజుల్లో అల్లినా అదే రేటు. పూర్తయిన ప్రతి వస్తువు ఫొటో, అది కొన్నవాళ్లు ఒప్పుకుంటే వాళ్లింట్లో పెట్టుకున్న ఫొటో కూడా, వాళ్ల గ్రూపులో పెడతాను. ఆ పిన్ని అల్లిన సెట్ వేసుకున్న పసివాడి ఫొటో హైదరాబాద్ నుంచి వస్తే వారం రోజులు వీధంతా చూపించిందట.

నష్టం కూడా చెప్పాలి. మా వైపు ఏప్రిల్ వచ్చేసరికి కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్లు వదలడం ఆపేస్తారు. అప్పటికే మంచినీళ్ల చెరువులు నింపుకున్నా, కుళాయి రెండు రోజులకొకసారి వస్తుంది. నేను రంగులకు ఎప్పుడూ కుళాయి నీళ్లే వాడేదాన్ని, ఎందుకని ఎప్పుడూ ఆలోచించలేదు, దగ్గర్లో ఉందని వాడానంతే. ఒక ఏప్రిల్‌లో ఒక పెద్ద ఊరి దుకాణం వాళ్లు 3 కిలోల బంతిపూల పసుపు నూలు అడిగారు, అడ్వాన్స్ 4,000 వేశారు. కుళాయి రాలేదు. పెరట్లో బోరు ఉంది కదా అని ఆ నీళ్లు పట్టాను. కరక్కాయ నీళ్లలో వేసిన రాత్రి బాగానే ఉందనుకున్నాను, దీపం వెలుగులో తెలియలేదు. పొద్దున్న చూస్తే నూలంతా బూడిద రంగు. దాని మీద ఎంత బంతిపూల రంగు వేసినా వాడిపోయిన మునగాకు రంగే వచ్చింది.

అత్తయ్య వచ్చి చూసి, "బోరు నీళ్లతో టీ పెడితే నల్లగా అయిపోతుంది కదమ్మాయ్, నూలు ఊరుకుంటుందా?" అన్నారు. అంతే, విషయం అదే. మా బోరు నీళ్లలో ఇనుము ఉంది, బకెట్లకు పట్టే ఎర్ర మరక దానిదే. టీ ఆకులోని వగరూ కరక్కాయలోని వగరూ ఇనుము తగిలితే నల్లబడతాయి. పెడనలో తుప్పుతో నల్ల రంగు చేయడం కళ్లారా చూసి కూడా నేను ఈ రెండూ కలుపుకోలేకపోయాను. ఆవిడ రోజూ టీ పెడుతూనే తెలుసుకున్నారు, నేను అడిగి ఉంటే ముందే చెప్పేవారు. అడ్వాన్స్ తిప్పి పంపేశాను. ఆ నూలును తుప్పు నీళ్లలో ముంచి పూర్తి బూడిద రంగు చేసి, నాలుగు నెలలపాటు సంచులు అల్లి అమ్ముకున్నాను. లాభం రాలేదు, నూలు ఖర్చు వచ్చింది.

అప్పటి నుంచి ఏ నీళ్లయినా ముందు ఒక గాజు గ్లాసులో పట్టి చిటికెడు కరక్కాయ పొడి వేసి చూస్తాను. కాసేపటికి నీళ్లు నీలంగా, నల్లగా తిరిగితే ఆ నీళ్లు వాడను. రంగులు వేసేవాళ్లు ఎవరైనా ఉంటే ఇది చేయండి, ఖర్చు ఏమీ లేదు. ఇప్పుడు నీళ్లు చూసే పని అత్తయ్యదే, గ్లాసు కిటికీలో పెట్టి ఆవిడ సరే అంటేనే నేను పొయ్యి వెలిగిస్తాను. నోట్‌బుక్‌లో ఆవిడకూ ఒక గడి గీశాను. నెల చివర డబ్బులు ఇస్తే మొదటిసారి తీసుకోలేదు, "ఇంట్లో పనికి డబ్బులేంటి" అన్నారు. రెండో నెల తీసుకుని మనవరాలికి సైకిల్ కోసం డబ్బాలో వేస్తున్నారు.

సాయంత్రం 6 నుంచి 9 వరకు సూది పట్టుకోకూడదని పెట్టుకున్నాను. నోట్‌బుక్ చూస్తే వారంలో ఒకటి రెండు రోజులు తప్పుతున్నాను. తప్పిన రోజు మా పెద్దది ఆ తారీఖు కింద ఎర్ర పెన్నుతో గీత గీస్తుంది. ఈ నెలలో ఇప్పటికి మూడు గీతలు.

అమ్మకు ఈ మధ్యే రెండో కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, నెల రోజులు మా దగ్గరే ఉంది. సూది పట్టుకోవద్దన్నాం. ఊరికే కూర్చోలేక ఉండలు చుట్టింది, చూడకుండానే చుట్టగలదు. ఒకరోజు నా నోట్‌బుక్ గురించి అడిగితే చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను 12 ఏళ్లప్పుడు మొదలుపెట్టాను, నీ పెళ్లయ్యాక మానేశాను, ఎన్నవుతాయే?" అంది. నేను లెక్క వేస్తానంటే వద్దంది. నేనూ వేయలేదు. వెళ్లే ముందు, పిల్లల సెట్ ఒకటి పూర్తయినది చేతిలోకి తీసుకుని, అతుకులు ఎక్కడున్నాయో వేళ్లతో తడిమి చూసి, తను అల్లిన పువ్వులు కూడా ఇలాగే కలిపేవాళ్లా అని అడిగింది. అవునన్నాను.

మొన్న సంక్రాంతి అయింది. కాలువలు కట్టేలోపు, అంటే ఈ రెండు నెలల్లో, ఏడాదికి సరిపడా పసుపు రంగు వేసి పెట్టుకోవాలి. మా వీధిలో గొబ్బెమ్మల మీద బంతిపూలు, గుమ్మాల దండలు అన్నీ ఆదివారం పొద్దున్నే సంచులతో ఏరుకొచ్చాం, చిన్నోడు ఒక్కడే రెండు సంచులు తెచ్చాడు. ఇంకా సరిపోవు. భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల ఎవరింట్లోనైనా పెళ్లి అయి బంతి దండలు మిగిలితే పారేయకుండా నాకొక మాట చెప్పండి. వాడిపోయినా పర్వాలేదు, కుళ్లకపోతే చాలు. నేనే వచ్చి తీసుకెళ్తాను.